మైనారిటీ విశ్వవిద్యాలయంలో సీటు కోసం పాస్టరు గారి లేఖ పెట్టవచ్చా? కావలి తండ్రి గారి ప్రశ్నకు సమాధానం

కావలి నుంచి ఒక తండ్రి గారు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. వారి అమ్మాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ పూర్తి చేసి, పొరుగు రాష్ట్రంలో ఒక క్రైస్తవ సంస్థ నడిపే డీమ్డ్ విశ్వవిద్యాలయంలో బీటెక్‌కు దరఖాస్తు చేసింది. దరఖాస్తులో మతం రాయవలసిన గడి ఉంది. క్రైస్తవులైతే సంఘం పేరు రాసి, పాస్టరు లేఖ జతపరచాలని దాని కిందే ఉంది. తహసీల్దారు ఇచ్చిన ధ్రువపత్రంలో ఈ కుటుంబం హిందూ, ఎస్సీ అని ఉంది. తల్లి మాత్రం చాలా ఏళ్లుగా చర్చికి వెళ్తున్నారు. అమ్మాయి ఆదివారాలు తల్లి వెంట వెళ్తుంది కానీ బాప్తిస్మం తీసుకోలేదు. లేఖ ఇవ్వడానికి సంఘ కాపరి, అంటే పాస్టరు గారు, సిద్ధంగా ఉన్నారు. ఒక మతం వారికి ముందుగా సీట్లు ఇవ్వడం చట్టానికి ఒప్పుతుందా, ఆ లేఖ పెట్టవచ్చా, చేరిన తర్వాత అమ్మాయిని ప్రార్థనలకు బలవంతం చేస్తారా అన్నవి వారి మూడు సందేహాలు.

నేను న్యాయవాదిని కాను. ఒంగోలులో ఒక మైనారిటీ డిగ్రీ కళాశాల కార్యాలయంలో ఇరవై ఆరేళ్లు అడ్మిషన్ల సెక్షను, స్కాలర్‌షిప్పుల సెక్షను చూసి రిటైరైన వాణ్ణి. మీకు ముందుగా కావలసిన మాట ముందే చెబుతాను: ఆ లేఖ పెట్టకండి. ఎందుకో వివరంగా చెప్పాలంటే మొదటి సందేహం నుంచి రావాలి.

మన రాజ్యాంగంలోని 30(1) అధికరణం మతం వల్ల గాని, భాష వల్ల గాని మైనారిటీలైన వారికి తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగంలోని 29(2) అధికరణం మాత్రం ప్రభుత్వ సంస్థల్లోను, ప్రభుత్వ సాయం పొందే సంస్థల్లోను మతం, జాతి, కులం, భాష కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదంటుంది. ఈ రెండింటి మధ్య పేచీ ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాల కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. సాయం పొందే మైనారిటీ సంస్థ తన వర్గం వారికి 50 శాతం దాకా సీట్లు ఇచ్చుకోవచ్చునని 1991లో తీర్పు వచ్చింది. 2002 అక్టోబరు 31న టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ 50 శాతం అనే బిగింపును సడలించింది. సాయం పొందే సంస్థ ఇతరులను కూడా తగు మేరకు చేర్చుకోవాలని, ఆ మేర ఎంతో స్థానిక అవసరాన్ని బట్టి రాష్ట్రం నిర్ణయించాలని చెప్పింది. సాయం తీసుకోని సంస్థకు ఇంకా ఎక్కువ స్వేచ్ఛ ఉన్నా, ఎంపిక న్యాయంగా, పారదర్శకంగా, ప్రతిభ ఆధారంగా జరగాలని కూడా అదే తీర్పు షరతు పెట్టింది. కాబట్టి మీరు చెప్పిన విశ్వవిద్యాలయం కొన్ని సీట్లను క్రైస్తవ విద్యార్థులకు కేటాయించుకోవడం చట్టవిరుద్ధం కాదు. ఎన్ని సీట్లు, ఏ పరీక్ష, ఏ ర్యాంకు దాకా అన్నది ముందే ప్రాస్పెక్టస్‌లో ప్రకటించకుండా తోచినట్టు నింపుకుంటే మాత్రం తప్పవుతుంది.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటి ఉంది, మీ ప్రశ్న చూస్తే మీకూ తెలియదనిపించింది. 2005లో పి.ఎ. ఇనాందార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు, సాయం పొందని ప్రైవేటు సంస్థల మీద ప్రభుత్వం తన రిజర్వేషన్లను రుద్దకూడదని చెప్పారు. దానికి సమాధానంగా పార్లమెంటు 93వ సవరణ తెచ్చి 15(5) అధికరణం చేర్చింది. ప్రైవేటు సంస్థల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల వారికి సీట్లు కేటాయించేలా చట్టం చేయడానికి అది వీలు కల్పించింది. అయితే 30(1) కిందికి వచ్చే మైనారిటీ సంస్థలను ఆ అధికరణంలోనే మినహాయించారు. ఆ మినహాయింపును 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే మీ అమ్మాయి ఎస్సీ ధ్రువపత్రం ఆ విశ్వవిద్యాలయంలో సీటు తేదు. ఫీజు విషయంలోను, స్కాలర్‌షిప్పు విషయంలోను, రేపు ఉద్యోగంలోను మాత్రం దాని విలువ తగ్గలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

లేఖ సంగతికి వచ్చే ముందు మరొక మాట. "లేఖ పెడితే సీటు ఖాయం" అని మీకు చెప్పిన వారెవరో గాని, వారు సగమే చెప్పారు. మైనారిటీ అనే హోదాను రాష్ట్రాన్ని బట్టి చూడాలని పాయ్ తీర్పు చెప్పింది. ఒక రాష్ట్రంలోని మైనారిటీ సంస్థ ప్రధానంగా ఆ రాష్ట్రపు మైనారిటీ విద్యార్థుల కోసమే ఉండాలని, పక్క రాష్ట్రాల నుంచి అదే మతం వారిని పెద్ద సంఖ్యలో తెచ్చి నింపుకుంటే దాని మైనారిటీ స్వభావమే పోతుందని ఇనాందార్ తీర్పు హెచ్చరించింది. కాబట్టి ఆంధ్ర నుంచి వెళ్లే క్రైస్తవ విద్యార్థికి అక్కడ అందే ప్రాధాన్యం ఎంతో ప్రాస్పెక్టస్‌లో చూడకుండా నమ్మకూడదు. తమిళనాడులో తెలుగువారే భాషాపరమైన మైనారిటీ కావడంతో, మద్రాసులోని తెలుగు మైనారిటీ కళాశాలలు తమకు సొంతమనుకుని నెల్లూరు వారు ఏటా వెళ్తుంటారు. వారికి కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది.

వైద్య విద్య గురించి మీరు అడగలేదు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. నీట్ ర్యాంకులతోనే సీట్లు నింపాలన్న నిబంధనకు నిరసనగా 2017లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ తన 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఖాళీగా వదిలేసింది. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు మైనారిటీ సంస్థలకు కూడా నీట్ వర్తిస్తుందని తేల్చింది. ఆ తర్వాత "మా సంఘం ద్వారా సిఫార్సు చేయిస్తాం, నీట్ అక్కర్లేదు" అనే వారి మాట వినవలసిన పని లేదు.

ఇక లేఖ. షెడ్యూల్డ్ కులాల గురించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. ఏ మతాల వారికి ఎస్సీ హోదా ఉంటుందో చెప్పేది అదే. మొదట హిందువులకే పరిమితమైన ఎస్సీ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ లేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారిన వారినీ వారి సంతతినీ వెనుకబడిన తరగతుల్లో ఒక విభాగమైన బీసీ-సీ కింద చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు, అంతే. షెడ్యూల్డ్ తెగలకు ఈ మతం షరతు లేదు. నెల్లూరు జిల్లా యానాదుల ఇంట్లో బైబిలు ఉన్నా, లేకపోయినా ఎస్టీ ధ్రువపత్రానికి ఢోకా లేదు. ఒకే పల్లెలో పక్కపక్క వీధుల్లో ఉండేవారికి ఈ తేడా ఏమిటని నన్ను అడిగిన వారికి నేనెప్పుడూ తృప్తికరమైన జవాబు చెప్పలేకపోయాను. నా మటుకు నాకు ఆ మూడో పేరా న్యాయంగా కనిపించదు. మతం మారినంత మాత్రాన ఊరి బావి దగ్గర జరిగే అవమానం మారలేదని మన ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. దాన్ని తొలగించాలని రంగనాథ మిశ్రా కమిషన్ 2007లో సిఫార్సు చేసింది. ఈ ప్రశ్నను పరిశీలించడానికే 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్‌ను వేసింది. కానీ దరఖాస్తు నింపేటప్పుడు న్యాయం ఎలా ఉండాలన్నది కాక, చట్టం ఎలా ఉందన్నదే చూసుకోవాలి.

మన జిల్లాల్లో ఇది ఇంత చిక్కుగా ఎందుకు ఉందో బయటివారికి అర్థం కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చి పని మొదలుపెట్టాడు. తర్వాత ఒంగోలు కేంద్రంగా పనిచేసిన జాన్ క్లౌ, 1876-78 ధాత కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని పల్లెల వారికి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ కుటుంబాల మునిమనవలలో కొందరు క్రైస్తవులుగానే కొనసాగారు, కొందరు తిరిగి హిందూమతంలోకి వచ్చారు. మరికొందరి ఇళ్లలో తాతకు ఒక మతం, అమ్మమ్మకు ఒక మతం, మనవడి ధ్రువపత్రంలో ఇంకొకటి. వీరందరినీ మోసగాళ్లనడం అన్యాయం. అయితే 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ ఇంటి పరిస్థితికి బాగా దగ్గరగా ఉంది కాబట్టి చెప్పక తప్పదు. పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ, హిందువైన తండ్రికి, క్రైస్తవురాలైన తల్లికి పుట్టిన తాను హిందూ ఎస్సీనని చెప్పి ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎస్సీ ధ్రువపత్రం కోరారు. ఆమెకు పసితనంలోనే బాప్తిస్మం జరిగిందని, ఆమె క్రమం తప్పకుండా చర్చికి వెళ్తున్నారని రికార్డులు చూపించాయి. క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని కోర్టు తేల్చి చెప్పింది.

మీ అమ్మాయికి బాప్తిస్మం జరగలేదు. తల్లి వెంట చర్చికి వెళ్లి కూర్చున్నంత మాత్రాన మతం మారినట్టు కాదు. కాని "ఈమె మా సంఘ సభ్యురాలు, క్రైస్తవ విశ్వాసి" అని లెటర్‌హెడ్ మీద సంఘ కాపరి రాసి, కింద సీలు వేసి, దాన్ని మీరే సంతకం చేసి దరఖాస్తుకు జతపరిచిన రోజున, ఇప్పటిదాకా లేని సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే తయారుచేసినట్టవుతుంది.

దీన్ని నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను సెక్షను చూస్తున్న రోజుల్లో సింగరాయకొండ వైపు నుంచి ఒక కుర్రాడు చేరాడు. మార్కులు కాస్త తక్కువ, జనరల్ జాబితాలో పేరు రాలేదు. "మైనారిటీ సీట్లలో రెండు మిగిలాయి, సంఘం లేఖ తెచ్చుకో, పని అవుతుంది" అని చెప్పింది మా సెక్షనే, దాచుకోను. వాడు మర్నాడే ఊదా సిరా ముద్ర వేసిన లేఖ తెచ్చాడు. అది అడ్మిషన్ ఫైలులోకి వెళ్లింది. రెండు నెలల తర్వాత స్కాలర్‌షిప్పు దరఖాస్తుతో పాటు హిందూ మాల అని ఉన్న ధ్రువపత్రం పక్క బీరువాలోని ఇంకో ఫైలులోకి వెళ్లింది. రెండింటి మీదా తండ్రి సంతకం ఒక్కటే, వంకర తిరిగిన అదే "వె" అక్షరం. మూడో సంవత్సరంలో తనిఖీకి వచ్చిన అధికారి ఆ రెండు కాగితాలను నా టేబులు మీద పక్కపక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా ముఖం వైపు చూశాడు. స్కాలర్‌షిప్పు ఆగింది, అంతకుముందు రెండేళ్లకు ఇచ్చిన సొమ్ము తిరిగి కట్టమన్నారు. తండ్రి రెండు బర్రెలు అమ్మి కట్టాడు. వాడి కులధ్రువపత్రం మీద విచారణ మొదలై అది తేలేసరికి ఒక ఉద్యోగ పరీక్ష వయసు దాటిపోయింది. సలహా ఇచ్చిన మా మీద ఈగ కూడా వాలలేదు.

మన రాష్ట్రంలో కులధ్రువపత్రాల జారీకి 1993 నాటి ప్రత్యేక చట్టం ఉంది. తప్పుడు ధ్రువపత్రాన్ని రద్దు చేసే అధికారం దాని కింద జిల్లా కలెక్టరుకు ఉంది, జైలు శిక్ష, జరిమానా కూడా ఉన్నాయి. కేంద్ర నిధులతో ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు దాటకూడదు. పొరుగు రాష్ట్రంలో చదివినా దీన్ని సొంత రాష్ట్రం ద్వారానే అడగాలి. ఒక సీటు కోసం దీన్ని వదులుకోవడం లాభసాటి బేరమేమీ కాదు.

కాబట్టి మతం గడిలో మీ ఇంటి నిజం ఏదైతే అదే రాయండి. ధ్రువపత్రంలో హిందూ అని ఉండి, అమ్మాయి కూడా అలాగే అనుకుంటే, హిందూ అని రాసి సాధారణ సీట్లకు పోటీపడనివ్వండి. ఏ మైనారిటీ సంస్థయినా ఇతర మతాల వారిని చేర్చుకుంటూనే ఉంటుంది. మా కళాశాలలో ఏ సంవత్సరం చూసినా క్రైస్తవేతరుల సంఖ్య తక్కువగా ఉన్నది లేదు. రేపు మీ అమ్మాయి మేజరై, తన మనసుతో బాప్తిస్మం తీసుకుంటానంటే అది 25వ అధికరణం ఆమెకు ఇచ్చిన హక్కు, ఎవరూ కాదనలేరు. అప్పుడు ఎస్సీ హోదా పోయి బీసీ-సీ వస్తుందని తెలిసి తీసుకోవాలి, అంతే. ఆ నిర్ణయం ఆమెది కావాలి గాని అడ్మిషన్ కౌంటరుది కాకూడదు.

ప్రార్థనల గురించి మీ భయం సహజమే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ సంస్థలోనైనా విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుడి సమ్మతి లేకుండా, మత బోధకు గాని ఆరాధనకు గాని హాజరు కావాలని ఒత్తిడి చేయకూడదని 28(3) అధికరణం చెబుతోంది. డీమ్డ్ విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంటుంది కాబట్టి ఇది దానికీ వర్తిస్తుంది. పాత మిషన్ కళాశాలల్లో క్రైస్తవ పిల్లలకు బైబిలు క్లాసు జరిగే గంటలోనే మిగిలిన వారికి నీతిబోధ పెట్టే పద్ధతి ఉండేది. మా దగ్గర గణితం మాస్టారు వేమన పద్యాలు చెప్పేవారు, ఆయన గంటకు బైబిలు క్లాసు పిల్లలు కూడా తప్పించుకుని వచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల "విలువల విద్య" అనే పేరుతో మార్కులున్న పేపరు పెడుతున్నారు. ఒక మతం గురించి లేదా ఒక గురువు జీవితం గురించి చదవడం వేరు, మతబోధ వేరు అని సుప్రీంకోర్టు 1971లో డీఏవీ కళాశాల కేసులో గురునానక్ బోధల అధ్యయనం విషయంలో చెప్పింది. అందువల్ల సిలబస్ తెప్పించుకుని చదివితే గాని ఆ పేపరు ఏ కోవలోకి వస్తుందో తెలియదు. దరఖాస్తు చివర చిన్న అక్షరాల్లో ఉండే హామీపత్రాన్ని తప్పక చదవండి. "సంస్థ ఆధ్యాత్మిక కార్యక్రమాలన్నింటిలో పాల్గొంటాను" అన్న వాక్యం అందులో ఉంటే, దాని కింద మీరు పెట్టే సంతకమే 28(3) అడిగే సమ్మతి అవుతుంది. ఆ వాక్యం అభ్యంతరమైతే చేరకముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. హాస్టలు నియమాలూ చదవండి. ఆదివారం బయటికి పంపరు, మాంసం వండరు అన్న సంగతులు పిల్లలకు ప్రార్థనల కంటే ఎక్కువ కష్టంగా తోస్తాయి.

సంస్థకు నిజంగా మైనారిటీ హోదా ఉందో లేదో చూడటం కూడా మరచిపోవద్దు. బోర్డు మీద సెయింట్ అని ఉన్నంత మాత్రాన అది మైనారిటీ సంస్థ కాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ క్రిస్టియన్స్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, ఆ సొసైటీ చెప్పుకునే మైనారిటీ హోదా ఒక ముసుగు మాత్రమేనని తేల్చింది. అనుమతి, అఫిలియేషన్ లేని ఆ వైద్య కళాశాలలో చేరిన పిల్లలు తమను పరీక్షలకు కూర్చోనివ్వమని వేడుకున్నా, చట్టాన్ని మీరమని విశ్వవిద్యాలయాన్ని ఆదేశించలేమని చెప్పింది. చివరికి నష్టపోయింది ఆ పిల్లలే. మైనారిటీ విద్యాసంస్థల జాతీయ కమిషన్ 2004 నాటి చట్టం కింద ఇచ్చే హోదాపత్రం సంఖ్య, తేదీ చెప్పమని అడ్మిషన్ కార్యాలయాన్ని అడగండి. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్ (యూజీసీ) ఇచ్చే డీమ్డ్ హోదా, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి ఈ సంవత్సరానికి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. నిజమైన సంస్థయితే వీటికి పది నిమిషాల్లో జవాబిస్తుంది.

డబ్బు విషయంలో ఒకే మాట. ప్రకటించిన ఫీజుకు మించి "మిషన్ నిధికి విరాళం" పేరుతో రసీదు లేకుండా అడిగితే అది క్యాపిటేషన్ ఫీజే. మైనారిటీ సంస్థలకు కూడా అది నిషిద్ధమని పాయ్, ఇనాందార్ తీర్పులు రెండూ చెప్పాయి. అసలు ధ్రువపత్రాలు పరిశీలించి అక్కడే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని 2018లో యూజీసీ ఆదేశించింది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే, స్వల్ప ప్రాసెసింగ్ ఖర్చు మినహా ఫీజు మొత్తం తిరిగి ఇవ్వాలని కూడా అదే ఆదేశంలో ఉంది. ఇంటర్ మార్కుల జాబితా, టీసీ, కులధ్రువపత్రం ఒక్కొక్కటి మూడేసి నకళ్లు తీయించి పెట్టుకోండి. ఆ లేఖ ఇప్పటికే మీ చేతికి వచ్చి ఉంటే, సంఘ కాపరి గారు మంచి మనసుతోనే ఇచ్చారు కాబట్టి ఆయనకు నమస్కారం చెప్పి తిరిగి ఇచ్చేయండి. ఒకవేళ దరఖాస్తుతో పాటు ఆన్‌లైన్లో పెట్టేసి ఉంటే, సవరణకు గడువు ముగియకముందే దాన్ని తొలగించమని అడ్మిషన్ కార్యాలయానికి ఈమెయిలు పంపి, వారి జవాబు ప్రింటు తీసి కులధ్రువపత్రంతో పాటు దాచండి.